జీఎంపీ బిల్డ్: లైనక్స్‌లో కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతోంది, విజువల్ స్టూడియోలో అసెంబ్లీ ఎక్కట్లేదు

నల్లకుంట_నంబర్స్

అందరికీ నమస్తే. మాదాపూర్‌లో మాదొక చిన్న టీమ్. వేల బిట్ల పూర్ణాంకాలతో గుణకారాలు, మాడ్యులర్ ఘాతాలు, రోజూ ఇదే పని. జీఎంపీ (పెద్ద సంఖ్యల లెక్కల లైబ్రరీ) 6.3.0ని సోర్స్ నుంచి మేమే బిల్డ్ చేసుకుంటాం. ఉబుంటు 22.04 మీద ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఈమధ్య ఆఫీసులో మెషీన్లు ఫెడోరా 42కి మార్చారు, అప్పట్నుంచి అదే టార్‌బాల్, అదే కమాండ్, కానీ కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు మెషీన్‌ని పరీక్షించే స్క్రిప్ట్) సగంలో "పనిచేసే కంపైలర్ దొరకలేదు, వివరాలకు కాన్ఫిగ్ లాగ్ చూడండి" అని ఆగిపోతోంది. జీసీసీ (మా సీ కంపైలర్) మాత్రం శుభ్రంగా ఉంది, మిగతా ప్రాజెక్టులన్నీ దాంతోనే కంపైల్ అవుతున్నాయి.

ఇది చాలదన్నట్టు క్లయింట్ విజువల్ స్టూడియోలోనే కావాలంటున్నాడు. జీఎంపీలోని డాట్ ఏఎస్ఎం (అసెంబ్లీ) ఫైళ్లను ఎంఎల్64కి (మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్) ఇస్తే మొదటి లైను నుంచే ఎర్రర్లు. మా లీడేమో "అసెంబ్లీ ఆపేసి బిల్డ్ చేసెయ్, ఎవడు చూడొచ్చాడు" అంటున్నాడు. అలా చేస్తే నష్టమెంత? ముందు దేన్ని పట్టుకోమంటారు?

గ్యాస్‌లైన్

రెండూ వేరు వేరు సమస్యలు, కలిపి చూడకండి.

మొదటిదాంట్లో అసెంబ్లీ పాపం ఏమీ లేదు. ఫెడోరా 42 అంటే జీసీసీ 15. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఈ వెర్షన్ నుంచి సీ భాషకు డిఫాల్ట్ ప్రమాణం గ్నూ23 అయింది. జీఎంపీ కాన్ఫిగర్ లోపల "లాంగ్ లాంగ్ రిలయబిలిటీ టెస్ట్ 1" అని ఒక చిన్న పరీక్ష ఉంటుంది, ఎప్పటిదో పాత కంపైలర్ బగ్ పట్టుకోవడానికి పెట్టింది. అందులో ఒక ఫంక్షన్‌ని ఖాళీ బ్రాకెట్లతో డిఫైన్ చేసి, దాన్నే బోలెడు ఆర్గ్యుమెంట్లతో పిలుస్తారు. పాత సీలో ఖాళీ బ్రాకెట్లంటే "ఆర్గ్యుమెంట్ల సంగతి చెప్పట్లేదు" అని అర్థం, సీ23లో "ఆర్గ్యుమెంట్లే లేవు" అని అర్థం. అందుకని టెస్ట్ ప్రోగ్రామ్ కంపైల్ కాదు, కాన్ఫిగర్ ఏమో కంపైలరే చెడిపోయిందని తేల్చేస్తుంది. కాన్ఫిగ్ లాగ్ తెరిచి అడుగు నుంచి పైకి చదువుకుంటూ రండి, ఆ ఫంక్షన్ పిలుపు దగ్గర "మరీ ఎక్కువ ఆర్గ్యుమెంట్లు" అన్న ఎర్రర్ కనబడుతుంది.

మందు: సీఫ్లాగ్స్‌లో (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లు) -ఎస్‌టీడీ=గ్నూ17 ఇవ్వండి. కాకపోతే ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. సీఫ్లాగ్స్ మీరు ఇచ్చారంటే జీఎంపీ తనంతట తాను పెట్టుకునే ఫ్లాగ్స్ అన్నీ పక్కకు పోతాయి, కాబట్టి -ఓ2 కూడా మీరే రాయాలి. లేకపోతే బిల్డ్ అయితే అవుతుంది గానీ సీ భాగమంతా ఆప్టిమైజేషన్ లేకుండా తయారవుతుంది, ఆనక "కొత్త ఫెడోరా స్లో" అని ఇంకో చర్చ మొదలుపెడతారు. సీసీ (కంపైలర్ పేరు), సీఫ్లాగ్స్ రెండూ మీరే ఇస్తే ఏబీఐ=64 (ఫంక్షన్లు పిలుచుకునే 64 బిట్ ఒప్పందం) అని కూడా చెప్పండి, ఫ్లాగ్స్ చూసి కాన్ఫిగర్ అది ఊహించుకోలేదు.

నల్లకుంట_నంబర్స్

కాన్ఫిగర్ దాటింది అన్నా! లాగ్‌లో సరిగ్గా అదే ఉంది. మేక్ చెక్ (జీఎంపీ సొంత టెస్టులు) నడుస్తోంది ఇప్పుడు. ఇది తప్పనిసరా, వదిలేయొచ్చా? మా సీఐలో (ఆటోమేటిక్‌గా బిల్డ్, టెస్ట్ చేసే సిస్టమ్) దీనికే బోలెడు టైమ్ పోతోంది.

గ్యాస్‌లైన్

వదిలేయకండి. జీఎంపీ వాళ్లే నెత్తీనోరూ బాదుకుని చెబుతారు, మేక్ చెక్ పాస్ కాకుండా లైబ్రరీ వాడొద్దని. ఇలాంటి కోడ్ కంపైలర్‌లో మూలమూలలా దాగిన బగ్గుల్ని బయటికి లాగుతుంది. తప్పు బిల్డ్ క్రాష్ అయితే అదృష్టమే, క్రాష్ కాకుండా తప్పు లెక్క ఇస్తేనే కొంప మునిగేది.

విండోస్_వీరుడు

రెండోదానికి నేను. బ్రో, డాట్ ఏఎస్ఎం అని ఉన్నంత మాత్రాన అది మాస్మ్ (మైక్రోసాఫ్ట్ తరహా అసెంబ్లీ) కాదు. మనం బీటెక్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8086 మీద రాసిన మాస్మ్ గుర్తుండి అందరూ ఇక్కడే బోల్తా పడతారు. జీఎంపీ ఏఎస్ఎం ఫైళ్లు ముందు ఎం4 అనే మాక్రో ప్రాసెసర్‌లోంచి పోతాయి, బయటికి వచ్చేది గ్నూ అసెంబ్లర్‌కి అర్థమయ్యే ఏటీ అండ్ టీ సింటాక్స్. అందులో సోర్స్ ముందు, డెస్టినేషన్ వెనక, రిజిస్టర్‌కి ముందు పర్సెంట్ గుర్తు. ఎంఎల్64 ఇంటెల్ పద్ధతి, అంతా తిరగేసి. పేరు మార్చినా ఎక్స్‌టెన్షన్ మార్చినా లాభం లేదు.

నీ ముందు దారులు ఇవి. ఎంసిస్2లో (విండోస్‌లో గ్నూ టూల్స్ ఇచ్చే ప్యాకేజీ) మింగ్‌డబ్ల్యూతో (విండోస్‌కి జీసీసీ) డీఎల్ఎల్ (విండోస్ షేర్డ్ లైబ్రరీ) కట్టి దాన్ని విజువల్ స్టూడియో నుంచి వాడుకోవడం, ఇది నా ఓటు. లేదా ఎంపీఐఆర్, జీఎంపీ నుంచి విడిపోయిన ఫోర్క్, విజువల్ స్టూడియో ప్రాజెక్టులతో సహా వస్తుంది, అసెంబ్లీ అంతా యాస్మ్ (ఇంకో అసెంబ్లర్) కోసం తిరగరాసి ఉంటుంది. కానీ దాని చివరి రిలీజ్ 3.0.0, 2017లో, ఆ తర్వాత పట్టించుకున్నవాళ్లు లేరు. కొత్త ప్రాజెక్టుకి నేనైతే తీసుకోను.

మౌలాలి_మెషీన్

సింటాక్స్ మార్చే స్క్రిప్ట్ ఒకటి రాసేస్తే అయిపోదా? ఆపరాండ్లు తిరగేసి పర్సెంట్లు తీసేస్తే చాలు కదా. నేనైతే పైథాన్‌లో ఒక సాయంత్రంలో కొట్టేస్తా.

రిజిస్టర్_రాణి

సింటాక్స్ మార్చడం నిజంగానే తేలిక తమ్ముడూ. మార్చాక అసెంబుల్ అవుతుంది, లింక్ కూడా అవుతుంది, అసలు బాధ అక్కడే మొదలవుతుంది.

ఎంపీఎన్ యాడ్ ఎన్ తీసుకో, రెండు పెద్ద సంఖ్యల్ని కూడే జీఎంపీ ఫంక్షన్. నాలుగు ఆర్గ్యుమెంట్లు: ఫలితం పాయింటర్, మొదటి సంఖ్య పాయింటర్, రెండో సంఖ్య పాయింటర్, ఎన్ని లింబులో (సంఖ్యలోని 64 బిట్ల ముక్కలు) ఆ లెక్క. లైనక్స్‌లో ఇవి వరసగా ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్ రిజిస్టర్లలో వస్తాయి. విండోస్‌లో ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9. ఇప్పుడు లైనక్స్ కోసం రాసిన కోడ్‌ని విండోస్‌లో పిలువు. అది ఆర్‌సీఎక్స్‌లో లింబుల లెక్క ఉందనుకుంటుంది, అక్కడ ఉన్నది ఫలితం పాయింటర్. అంటే నాలుగు లింబులు కూడమంటే ఆ అడ్రస్ ఎంత సంఖ్య అయితే అన్ని లింబులు కూడటానికి బయల్దేరుతుంది. రాసేది ఎక్కడికంటే ఆర్‌డీఐలో అంతకుముందు ఏ చెత్త ఉంటే అక్కడికి.

అది వెంటనే పడిపోతుంది కాబట్టి పట్టుకోవచ్చు. పట్టుకోలేనిది ఇంకోటి ఉంది. ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ లైనక్స్‌లో పిలవబడిన ఫంక్షన్ ఇష్టారాజ్యంగా పాడుచేయొచ్చు, విండోస్‌లో మాత్రం ఎలా ఉన్నవి అలా తిరిగివ్వాలి. ఎక్స్ఎంఎం6 నుంచి 15 వరకూ అంతే, విండోస్‌లో కాపాడాలి, లైనక్స్‌లో అక్కర్లేదు. ఆర్గ్యుమెంట్లు సరిచేసి వీటిని మర్చిపోయావనుకో, ఫంక్షన్ సరైన జవాబే ఇస్తుంది, పిలిచినవాడి లోకల్ వేరియబుల్ ఒకటి మాత్రం గల్లంతు. డీబగ్ బిల్డ్‌లో అంతా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ వేరియబుల్స్ స్టాక్ మీద ఉంటాయి. రిలీజ్‌లో కంపైలర్ వాటిని ఆర్‌ఎస్‌ఐలో పెట్టిన రోజు సంఖ్యలు మారిపోతాయి. అప్పుడు ఎవరూ అసెంబ్లీని అనుమానించరు, "ఆప్టిమైజర్ బగ్" అనుకుంటారు. ఫంక్షన్‌ని పిలిచే ముందు స్టాక్ మీద 32 బైట్ల షాడో స్పేస్ వదలాలన్న నియమం కూడా విండోస్‌దే.

జీఎంపీ ఎక్స్86_64 ఫోల్డర్‌లో ఈ ఫంక్షన్ ఏఎస్ఎం ఫైల్ తెరిచి చూడండి, పైన ఏబీఐ సపోర్ట్ డాస్64, ఎస్‌టీడీ64 అని రాసి ఉంటుంది, ఫంక్షన్ మొదట్లో ఫంక్ ఎంట్రీ 4 అని ఒక మాక్రో. లైనక్స్‌కి కట్టినప్పుడు ఆ మాక్రో ఖాళీ. విండోస్‌కి కట్టినప్పుడు అదే మాక్రో ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐలను స్టాక్ మీదకి తోసి, ఆర్‌సీఎక్స్‌ని ఆర్‌డీఐకి, ఆర్‌డీఎక్స్‌ని ఆర్‌ఎస్‌ఐకి, ఆర్8ని ఆర్‌డీఎక్స్‌కి, ఆర్9ని ఆర్‌సీఎక్స్‌కి మార్చి, ఆ తర్వాత అసలు కోడ్ యథాతథంగా నడిపిస్తుంది. మింగ్‌డబ్ల్యూ దారిలో వెళ్తే ఈ కష్టమంతా వాళ్లే పడి పెట్టారు. నీ పైథాన్ స్క్రిప్ట్ ఇది కూడా చేయగలిగితే సరే.

మౌలాలి_మెషీన్

అక్కా, స్క్రిప్ట్ ఆలోచన వెనక్కి తీసుకున్నా 🙏

కానీ ఒక డౌట్. అసలు అసెంబ్లీ ఎందుకు ఇంకా? కంపైలర్లు ఇంత తెలివిమీరాయి కదా.

రిజిస్టర్_రాణి

క్యారీ వల్ల. 64 బిట్ల ముక్కలు రెండు కూడితే పైకి ఒకటి మిగలొచ్చు, ప్రాసెసర్ దాన్ని ఫ్లాగ్‌లో పెట్టుకుంటుంది, తర్వాతి ఏడీసీ (క్యారీతో కూడే ఇన్‌స్ట్రక్షన్) దాన్ని కలుపుకుంటుంది. సీ భాషకి ఆ ఫ్లాగ్ ఉన్నట్టే తెలియదు. సీలో రాస్తే "మొత్తం మొదటిదానికంటే చిన్నదయిందా" అని పోల్చి క్యారీ కనిపెట్టాలి, కంపైలర్ దాన్ని మళ్లీ ఏడీసీగా గుర్తుపడితే పట్టొచ్చు, లేకపోతే లేదు. పైగా లూప్ ఉంటుంది. లూప్ కౌంటర్‌ని మామూలు కూడికతో పెంచితే క్యారీ ఫ్లాగ్ చెరిగిపోతుంది. చేత్తో రాసేవాళ్లు ఎల్ఈఏ, డీఈసీ వాడతారు, ఎల్ఈఏ ఏ ఫ్లాగునీ ముట్టదు, డీఈసీ మిగతావి మార్చినా క్యారీ జోలికి పోదు. ఇలాంటి సంసారాలు కంపైలర్ చేత చేయించడం కష్టం.

విండోస్_వీరుడు

దీనికి కొనసాగింపు. ఇన్‌లైన్ అసెంబ్లీ పెట్టి తప్పించుకుందామనుకునేవాళ్లకి: విజువల్ సీలో 64 బిట్‌కి ఇన్‌లైన్ అసెంబ్లీయే లేదు, 32 బిట్‌కే పరిమితం. అక్కడ ఇంట్రిన్సిక్‌లే (కంపైలర్ నేరుగా ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చే ఫంక్షన్లు) గతి, 128 బిట్ల గుణకారానికి అండర్‌స్కోర్ యూమల్128, క్యారీ కూడికకి యాడ్‌క్యారీ యూ64. జీసీసీ, క్లాంగ్ వాళ్లకి 128 బిట్ల పూర్ణాంకం టైపే ఉంది. ఒకే సోర్స్ అన్నిచోట్లా నడవాలంటే ఈ రెండిటి మీదా ఒక మాక్రో పొర కప్పాలి. జీఎంపీలో లాంగ్‌లాంగ్ డాట్ హెచ్ చేసేది ఇలాంటి పనే, ఆ ఫైల్ చదివితే సగం ప్రాసెసర్ల చరిత్ర తెలుస్తుంది.

సీటీసీ_సెకండ్‌హ్యాండ్

నాదీ ఇలాంటి గొడవే, ఇక్కడే అడిగేస్తున్నా. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ మార్కెట్) కొన్న పాత జియాన్ బాక్స్ ఉంది, ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్ల కాలంది. కొత్త ల్యాప్‌టాప్‌లో జీఎంపీ బిల్డ్ చేసి దానిమీదకి కాపీ చేస్తే చిన్న సంఖ్యలు బాగానే వస్తున్నాయి, గుణకారం కాస్త పెద్దదైతే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతోంది. ర్యామ్ పాడైందా? అమ్మినోడు మోసం చేశాడా?

గ్యాస్‌లైన్

ర్యామ్‌ని, అమ్మినోణ్ని ఇద్దర్నీ వదిలేయండి. జీఎంపీ కాన్ఫిగర్ బిల్డ్ చేసే మెషీన్ ప్రాసెసర్ ఏదో కనిపెట్టి దానికి సరిపోయే అసెంబ్లీ ఫైళ్లే ఎంచుకుంటుంది. మీ ల్యాప్‌టాప్ కొత్తది కాబట్టి మల్ఎక్స్ లాంటివి ఎంచుకుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్ హ్యాస్వెల్‌తో 2013లో వచ్చింది, రెండు క్యారీ గొలుసులు ఒకేసారి నడిపే ఏడీసీఎక్స్, ఏడీఓఎక్స్ బ్రాడ్‌వెల్‌తో 2014లో. ఐవీ బ్రిడ్జ్ వీటన్నిటికీ ముందుది.

--ఎనేబుల్-ఫ్యాట్ పెట్టి మళ్లీ కట్టండి. అన్ని రకాల ప్రాసెసర్ల కోడ్ లైబ్రరీలో ఉంటుంది, నడిచేటప్పుడు సీపీయూఐడీ అడిగి తగినది తీసుకుంటుంది. ఫైల్ సైజు పెరుగుతుంది, పెరిగితే పెరగనీ. సీఫ్లాగ్స్‌లో -మార్చ్=నేటివ్ ఉంటే అది కూడా తీసేయండి, లేకపోతే సీ కోడ్ వైపు నుంచి అదే తంటా. నల్లకుంట గారూ, మీ డీఎల్ఎల్ క్లయింట్ దగ్గరికి వెళ్లేదే కాబట్టి మీకూ ఇదే.

నల్లకుంట_నంబర్స్

ఫ్యాట్ పెట్టాను. లైనక్స్‌లో మేక్ చెక్ మొత్తం పాస్.

ఇప్పుడు కొత్త తలనొప్పి. మాదే ఒక మాంట్‌గమరీ గుణకారం (మాడ్యులర్ గుణకార పద్ధతి) చేత్తో రాసిన అసెంబ్లీ ఫైల్, డాట్ క్యాపిటల్ ఎస్ ఎక్స్‌టెన్షన్‌ది, ఉంది, టీమ్‌లో ఇదివరకు పనిచేసినాయన రాసి వెళ్లిపోయాడు, కామెంట్లు లేవు. దాన్ని షేర్డ్ లైబ్రరీగా కట్టేటప్పుడు లింకర్ "నోట్ గ్నూ స్టాక్ సెక్షన్ లేదు, ఎగ్జిక్యూటబుల్ స్టాక్ అవసరమని భావిస్తున్నా" అని వార్నింగ్ ఇస్తోంది. ఉబుంటులో ఇది కూడా రాలేదు. పైథాన్ నుంచి లోడ్ చేస్తే అసలు ఎక్కట్లేదు, ఎగ్జిక్యూటబుల్ స్టాక్ ఇవ్వలేనంటోంది.

గ్యాస్‌లైన్

సీ ఫైల్ కంపైల్ చేస్తే "నాకు స్టాక్ మీద కోడ్ నడపక్కర్లేదు" అని చెప్పే ఖాళీ సెక్షన్‌ని జీసీసీ తనే పెడుతుంది. చేత్తో రాసిన అసెంబ్లీలో మీరు పెట్టాలి. ఒక్క ఆబ్జెక్ట్ ఫైల్‌లో లేకపోయినా లింకర్ లైబ్రరీ మొత్తానికీ ఎగ్జిక్యూటబుల్ స్టాక్ కావాలని ముద్ర వేస్తుంది. ఇది ఎప్పట్నుంచో ఉన్న తీరే, కాకపోతే గుట్టుగా జరిగిపోయేది. బిన్‌యుటిల్స్ (లింకర్ ఉండే ప్యాకేజీ) 2.39 నుంచి వార్నింగ్ వస్తోంది, జీలిబ్‌సీ (లైనక్స్ సీ లైబ్రరీ) 2.41 నుంచి డీఎల్‌ఓపెన్ (లైబ్రరీని లోడ్ చేసే ఫంక్షన్) అలాంటి లైబ్రరీని ఎక్కించుకోనంటోంది. ఫెడోరా 42లో ఉన్నది 2.41యే.

ఫైల్ చివర ఒక లైను: డాట్ సెక్షన్, డాట్ నోట్ డాట్ గ్నూ-స్టాక్, ఖాళీ కోట్స్, ఎట్ ప్రోగ్‌బిట్స్. లింకర్‌కి -జడ్ నోఎగ్జెక్‌స్టాక్ ఇచ్చి నోరు మూయించొచ్చు గానీ, ఫైల్‌ని బాగుచేయడమే పద్ధతి.

దాంతోపాటు "ఆర్_ఎక్స్86_64_32ఎస్ రీలొకేషన్ పనికిరాదు, -ఎఫ్‌పిక్‌తో మళ్లీ కంపైల్ చెయ్" అని వస్తే ఆ సలహా నమ్మకండి. చేత్తో రాసిన అసెంబ్లీని -ఎఫ్‌పిక్ ఏమీ మార్చదు. టేబుల్ అడ్రస్‌ని నేరుగా వాడిన చోట ఆర్‌ఐపీకి (ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్) సాపేక్షంగా ఎల్ఈఏతో తెచ్చుకునేలా మీరే రాయాలి.

చార్మినార్_చిప్

మ్యాక్ వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ 😀 ఆపిల్ సిలికాన్ కొత్తగా వచ్చినప్పుడు జీఎంపీ 6.2.0తో మాకూ పడింది. ఆర్మ్ అసెంబ్లీలో ఎక్స్18 రిజిస్టర్ వాడారు, లైనక్స్‌లో అది వాడుకోవచ్చు, ఆపిల్ ఏమో అది సిస్టమ్‌కే రిజర్వ్ అంటుంది. హోమ్‌బ్రూ (మ్యాక్ ప్యాకేజీ మేనేజర్) వాళ్లు ప్యాచ్ వేసి నడిపించారు, తర్వాత 2020లో 6.2.1 వచ్చింది. ఆర్మ్ విండోస్‌లో కూడా ఎక్స్18 ముట్టుకోకూడదు, అటు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. మ్యాక్‌లో ఇంకోటి, సీ ఫంక్షన్ పేర్లకి ముందు ఒక అండర్‌స్కోర్ చేరుతుంది. అసెంబ్లీలో పేరు ఉత్తిగా రాస్తే ఫైల్ అసెంబుల్ అవుతుంది, లింక్ దగ్గర "సింబల్ దొరకలేదు" అంటుంది.

నల్లకుంట_నంబర్స్

స్టాక్ లైను పెట్టగానే పైథాన్‌లో ఎక్కింది. గ్యాస్‌లైన్ అన్నా, మీరు మాదాపూర్ వైపు వస్తే బిర్యానీ నా ఖర్చు.

ఎంసిస్2లో డీఎల్ఎల్ కూడా వచ్చింది. విజువల్ స్టూడియోకి డాట్ లిబ్ ఎలా?

విండోస్_వీరుడు

జెన్‌డెఫ్‌తో డీఎల్ఎల్ నుంచి డాట్ డెఫ్ ఫైల్ తీయి, దాన్ని లిబ్ ఈఎక్స్‌ఈకి /డెఫ్, /మెషీన్ ఎక్స్64 అని ఇవ్వు, ఇంపోర్ట్ లైబ్రరీ వస్తుంది. జీఎంపీ డాట్ హెచ్ మాత్రం డీఎల్ఎల్ బిల్డ్‌తో వచ్చినదే వాడు, స్టాటిక్ బిల్డ్ హెడర్ వేరేగా ఉంటుంది, అందుకే విండోస్‌లో రెండూ ఒకేసారి కట్టనివ్వరు.

కోడ్ సంగతి కొస్తే, విండోస్‌లో లాంగ్ 32 బిట్లే. ఎంపీజడ్ సెట్ యూఐ తీసుకునేది అన్‌సైన్డ్ లాంగ్. లైనక్స్‌లో 64 బిట్ల సంఖ్య దర్జాగా ఇచ్చిన లైను ఇక్కడ 4,294,967,295 దాటగానే పై సగం కోసేస్తుంది. వార్నింగ్ లెవెల్ తక్కువ పెట్టుకుంటే చడీచప్పుడు ఉండదు. ఎంపీజడ్ ఇంపోర్ట్ వాడు. లింబు మాత్రం లాంగ్ లాంగ్, 64 బిట్లే, దాంతో కంగారు లేదు.

ఇంకా, ఎంపీజడ్ గెట్ ఎస్‌టీఆర్‌కి బఫర్ బదులు నల్ ఇస్తే అది డీఎల్ఎల్ లోపలి మాలాక్‌తో మెమరీ తెస్తుంది. నీ విజువల్ స్టూడియో ప్రోగ్రామ్ దాన్ని తన ఫ్రీతో వదిలితే, రెండు వైపులా సీ రన్‌టైమ్ వేరైతే హీప్ పాడవుతుంది. ఎంపీ గెట్ మెమరీ ఫంక్షన్స్ అని ఉంది, దాంతో జీఎంపీ ఫ్రీ ఫంక్షన్ తెచ్చుకుని అదే పిలువు. ఫైల్ పాయింటర్లు డీఎల్ఎల్ లోపలికి పంపే ఫంక్షన్లు అసలు వాడకు. ఎంసిస్2లో యూసీఆర్‌టీ64 (మైక్రోసాఫ్ట్ కొత్త సీ రన్‌టైమ్ వాడేది) షెల్ నుంచి కట్టి ఉంటే గొడవ చాలావరకు తగ్గుతుంది, విజువల్ స్టూడియో 2015 నుంచి వాడేది కూడా యూసీఆర్‌టీయే. అయినా డీబగ్ బిల్డ్ రన్‌టైమ్ వేరు, కాబట్టి అలవాటు చేసుకో.

నల్లకుంట_నంబర్స్

యూసీఆర్‌టీ64లోనే కట్టాను. సెట్ యూఐ మాకు చాలా చోట్ల ఉంది, వెతికి మార్చాలి 😓

లీడ్ ప్రశ్న మిగిలిపోయింది, డిసేబుల్ అసెంబ్లీ సంగతి.

రిజిస్టర్_రాణి

తప్పు చూసుకోవడానికి అది మంచి సాధనం, క్లయింట్‌కి ఇవ్వడానికి కాదు. ఏదైనా టెస్ట్ ఫెయిల్ అయితే --డిసేబుల్-అసెంబ్లీతో ఇంకో ఫోల్డర్‌లో కట్టి అదే టెస్ట్ నడుపు. ఫెయిల్ పోయిందంటే అసెంబ్లీ వైపో, సీకీ దానికీ మధ్య ఒప్పందం వైపో చూడాలి. అప్పుడూ ఫెయిల్ అయితే కంపైలర్ సీ కోడ్‌నే పాడుచేస్తోందేమో చూడాలి, -ఓ1కి తగ్గించి మళ్లీ నడుపు. వేగం ఎంత పోతుందో నోటిమాటగా చెప్పను, ప్రాసెసర్‌ని బట్టి, సంఖ్యల సైజుని బట్టి మారుతుంది. సోర్స్‌లో ట్యూన్ ఫోల్డర్‌లో స్పీడ్ అని ప్రోగ్రామ్ ఉంది, మీరు వాడే సైజులతో రెండు బిల్డ్‌లూ కొలిచి ఆ అంకెలు లీడ్ ముందు పెట్టు, వాదన అక్కర్లేదు.

చిన్న సంఖ్యలే, వేగం అక్కర్లేదు అంటే జీఎంపీతోనే మినీ-జీఎంపీ వస్తుంది, ఒక సీ ఫైల్, ఒక హెడర్, ఏ కంపైలర్‌కైనా ఎక్కుతుంది. వేల బిట్ల మాడ్యులర్ ఘాతాలకి మాత్రం దాని జోలికి పోవద్దు.

మౌలాలి_మెషీన్

ఇదంతా ఓపెన్‌బ్లాస్‌కీ (మాట్రిక్స్ లెక్కల లైబ్రరీ) వర్తిస్తుందా? మా ప్రొఫెసర్ దాన్ని విజువల్ సీతో కట్టమన్నారు, కట్టాను, పాస్ అవుతోంది గానీ మాట్రిక్స్ గుణకారం నత్తనడక.

గ్యాస్‌లైన్

దాని అసెంబ్లీ కెర్నెల్స్ కూడా గ్నూ తరహావే, విజువల్ సీకి అర్థం కావు. అందుకని మామూలు సీ కెర్నెల్స్‌తో కట్టుకుంటుంది, అదే నత్తనడక. క్లాంగ్-సీఎల్‌తో (విజువల్ సీ తరహాలో నడిచే క్లాంగ్ కంపైలర్) కట్టు, అది విజువల్ స్టూడియో ఏబీఐయే పాటిస్తుంది, ఆ అసెంబ్లీ కూడా చదువుతుంది. ల్యాబ్‌లో మెషీన్లు రకరకాలుగా ఉంటే డైనమిక్ ఆర్చ్=1 పెట్టు, జీఎంపీలో ఫ్యాట్ లాంటిదే. ల్యాప్యాక్ (సమీకరణాల సాధన లాంటి లీనియర్ ఆల్జీబ్రా) భాగానికి ఫోర్ట్రాన్ కంపైలర్ సంగతి కూడా ఉంది, అది వేరే చర్చ మొదలుపెట్టి అడుగు, కాన్ఫిగర్ అవుట్‌పుట్ మొత్తం అతికించు, స్క్రీన్‌షాట్ వద్దు.